జీవితం మలుపు తిరిగినప్పుడు విశాఖలో ఎటు నడవాలి

ఉద్యోగ విరమణ చేసి, స్టీల్ ప్లాంట్ కాలనీ అయిన ఉక్కునగరంలో క్వార్టర్ ఖాళీ చేసినవాళ్లు, కూతురిని అమెరికా విమానం ఎక్కించి ఖాళీ ఇంటికి తిరిగొచ్చిన తల్లిదండ్రులు, జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, శ్రీకాకుళం పల్లెల నుంచి చదువు కోసం వచ్చి హాస్టల్ గదిలో ఇల్లు తలచుకునే పిల్లలు... వీళ్లందరికీ చుట్టాలూ స్నేహితులూ చెప్పే మాట ఒకటే: "కాసేపు అలా నడిచి రండి." మంచి సలహా. కానీ ఎక్కడ నడవాలో, ఎలా నడవాలో, ఎవరితో వెళ్లాలో ఎవరూ చెప్పరు. విశాఖలో ఈ ప్రశ్నకు విలువ ఎక్కువ. సముద్రం, అడవి, కొండ, రెండు వేల ఏళ్లనాటి బౌద్ధారామం, ఎర్రమట్టి దిబ్బలు అన్నీ ఒకే నగరం అంచుల్లో ఉన్న చోట్లు దేశంలో ఎన్నో లేవు. ఇన్ని ఉన్నప్పుడు ఏది మనకు నప్పుతుందో తెలుసుకుని వెళ్తే నడకకు ఫలితం ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. అందమైన చోటుకన్నా మీరున్న దశకు సరిపడే చోటు మేలు. దశ ఏదైనా సరే, వారంలో నాలుగైదు సార్లు ఇబ్బంది లేకుండా వెళ్లగలిగే చోటు అన్నిటికన్నా మేలు.

చోటు ఎంచుకునే ముందు

మొదట చూడాల్సింది జనం. దుఃఖం కొత్తగా ఉన్నవాళ్లను నిర్మానుష్యమైన చోటుకు పంపకూడదని నేను గట్టిగా నమ్ముతాను. వాళ్ల చుట్టూ మనుషులు తిరుగుతూ ఉండాలి, కానీ ఎవరూ ఆపి వివరాలు అడగకూడదు. నెలలు గడిచి గుండె కాస్త కుదుటపడ్డాక నిశ్శబ్దం పనికొస్తుంది.

తర్వాత దారి తీరు. కొండ ఎక్కితే శిఖరం వస్తుంది, మెట్లు ఎక్కితే గుడి వస్తుంది. తీరం వెంట నడిస్తే అలాంటి ముగింపు ఏదీ ఉండదు, ఎక్కడైనా వెనక్కి తిరగవచ్చు. ఉన్న ఉద్యోగం మానాలా, ఊరు మారాలా, ఈ సంబంధానికి సరే అనాలా అని తేల్చుకోవాల్సినవాళ్లకు ముగింపు ఉన్న దారి సాయపడుతుంది. ఎక్కేటప్పుడు ఒక పక్షాన్ని, దిగేటప్పుడు రెండో పక్షాన్ని మనసులో నడిపించి చూడవచ్చు. తేల్చుకోవడానికి ఇక ఏమీ మిగలక, జరిగినదాన్ని ఒప్పుకోవడమే మిగిలినవాళ్లకు తీరమే నయం.

చాలామంది పట్టించుకోని మూడో విషయం నేల. చదునైన దారిలో కాళ్లు వాటంతట అవే నడుస్తాయి, మనసు ఇష్టమొచ్చిన చోటికి పోతుంది. రాళ్లూ వేళ్లూ ఉన్న దారిలో ప్రతి అడుగునూ చూసుకుని వేయాలి, అందువల్ల ఆలోచన తెగుతుంది. ఒకే బాధను రాత్రింబవళ్లు తిప్పి తిప్పి తలచుకునేవాళ్లకు చదును దారి ఒక్కోసారి మేలు చేయదు. నడిచినంతసేపూ అదే తలపోత సాగుతుంది. వాళ్లకు మెట్లు, కాలిబాటలు మంచివి. ఆలోచించుకోవడానికే తీరిక దొరకని వాళ్లకు మాత్రం చదును దారి కావాలి.

2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరిని 90 నిమిషాలపాటు చెట్లూ గడ్డీ ఉన్న చోట, మరికొందరిని వాహనాలు తిరిగే పెద్ద రోడ్డు పక్కన నడిపించారు. చెట్ల మధ్య నడిచినవాళ్లలో అదే చింతను పదేపదే తలచుకోవడం తగ్గింది, రోడ్డు పక్కన నడిచినవాళ్లలో తగ్గలేదు. చిన్న పరిశోధనే. అందులో పాల్గొన్నవాళ్లు ఆరోగ్యంగా ఉన్న నగరవాసులు. అయినా ఎంత సేపు నడిచామన్నదే కాక ఎక్కడ నడిచామన్నది కూడా లెక్కలోకి వస్తుందని అది చూపింది. ఇంట్లో ట్రెడ్‌మిల్ ఉంది కదా అనేవాళ్లకు నేను ఇదే చెబుతాను.

బీచ్ రోడ్డు: మనుషుల మధ్య ఏకాంతం

కోస్టల్ బ్యాటరీ నుంచి ఆర్కే బీచ్, కురుసుర జలాంతర్గామి మ్యూజియం మీదుగా లాసన్స్ బే దాకా ఉన్న దారిని నడకకు చాలామంది చిన్నచూపు చూస్తారు, రోజూ చూసే చోటు కాబట్టి. నా లెక్కలో, నష్టం జరిగిన మొదటి నెలల్లో విశాఖలో ఇంతకన్నా మంచి చోటు లేదు. తెల్లవారుజామున రోడ్డులో కొంత భాగాన్ని వాహనాలు రాకుండా ఆపి నడిచేవాళ్లకు వదిలేస్తారు. ఆ వేళకు వచ్చేవాళ్లలో విశ్రాంత ఉద్యోగులు, నేవీ కుటుంబాలు, పరుగు సాధన చేసే కుర్రాళ్లు, యోగా బృందాలు ఉంటారు. రోజూ కనిపించే ముఖాలే. వారం తిరిగేసరికి తల ఊపి పలకరిస్తారు, అంతకు మించి ఏమీ అడగరు. భర్త పోయాక ఇంటికొచ్చే ప్రతి ఒక్కరికీ జరిగిందంతా మళ్లీ మొదటి నుంచి చెప్పి అలసిపోయిన మనిషికి ఆ పలకరింపు ఎంత హాయినిస్తుందో ఆ దశ దాటినవాళ్లకే తెలుస్తుంది.

ఇంకొంచెం ముందుకు, పెద జాలారిపేట వైపు వెళ్తే తెప్పలు ఒడ్డుకు చేరడం, వలలు దులపడం, చేపల బేరాలు కనిపిస్తాయి. అక్కడ ఎవరి పనిలో వాళ్లు ఉంటారు. పని పోయినవాళ్లకు మొదట్లో ఆ దృశ్యం కష్టంగా ఉండవచ్చు. అలాంటివాళ్లు కొన్నాళ్లు ఇసుక వైపే ఉండిపోవడం మంచిది.

సాయంత్రం బీచ్ రోడ్డు వేరే చోటు. ముంత మసాలా బళ్లు, బజ్జీలు, బొమ్మలు, హారన్లు, ఫొటోలు. ఒంటరితనంతో బాధపడేవాళ్లకు ఆ సందడి ఉపయోగపడుతుంది. తమను తాము తరచి చూసుకోవాలనుకునేవాళ్లకు అది వేళ కాదు. సూర్యుడు ఇక్కడ జూన్‌లో అయిదున్నరకు ముందే వచ్చేస్తాడు, జనవరిలో దాదాపు ఆరున్నర అవుతుంది. ఉదయించడానికి పావుగంట ముందు చేరితే ఎండా ఉక్కపోతా మొదలయ్యేలోపు నడక పూర్తవుతుంది.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. ఈ తీరంలో అలలు ఒడ్డుకు కొట్టి వెనక్కి లాగే తీరు చాలా ప్రమాదకరం, ఈతగాళ్లే మునిగిపోయిన సందర్భాలున్నాయి. మనసు బాగాలేనప్పుడు పాదాలు తడిసే చోటు దాటి లోపలికి వెళ్లవద్దు. గాజువాక, ఉక్కునగరం వైపు ఉండేవాళ్లకు దగ్గరైన యారాడ, అప్పికొండ తీరాల్లో ఈ జాగ్రత్త ఇంకా అవసరం. అక్కడ జనం తక్కువ, పిలిస్తే పలికేవాళ్లూ తక్కువే.

కంబాలకొండ, కైలాసగిరి

హనుమంతువాక దాటాక జాతీయ రహదారి పక్కనే మొదలయ్యే కంబాలకొండ అభయారణ్యం సుమారు 71 చదరపు కిలోమీటర్ల తూర్పు కనుమల అడవి. ఒకప్పుడు విజయనగరం రాజుల ఆధీనంలో ఉండేది. గేటు దాటి కాస్త దూరం లోపలికి వెళ్లేసరికి రహదారి చప్పుడు సన్నగిల్లుతుంది. పక్షుల అరుపులు, ఎండుటాకుల గలగల, ఎక్కడో నీటి వాసన. అడవిలో మనసు ఎందుకు తేలికపడుతుందో చెప్పే ఒక వివరణ నాకు నచ్చుతుంది. ఫోను, రోడ్డు, ఆఫీసు మన ధ్యాసను లాక్కుంటాయి. ఆకుల కదలిక లాక్కోదు, ఊరికే పిలుస్తుంది. అలా పిలిచే వాటి మధ్య ఉన్నంతసేపూ అలసిన ధ్యాస కోలుకుంటుంది. జపాన్ అటవీ శాఖ 1982లో అడవి స్నానం అనే పేరుతో జనాన్ని అడవుల్లోకి ఆహ్వానించింది కూడా ఇలాంటి నమ్మకంతోనే.

కానీ ఇది ఒంటరి నడకకు చోటు కాదు. చిరుతలు ఉన్న అడవి. గుర్తించిన బాట దాటకూడదు, గేటు తెరిచే వేళలు ముందే కనుక్కోవాలి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లాలి. ఆ ఇద్దరు ముగ్గురూ మాట్లాడుకోకుండా, నాలుగైదు అడుగుల ఎడంతో నడవడానికి ముందే ఒప్పుకుంటే మేలు. మాటలు మొదలైతే అది విహారయాత్ర అవుతుంది. కార్తీక మాసం ఆదివారాల్లో మాత్రం అటు వెళ్లకండి, వనభోజనాల సందడిలో అడవి వినిపించదు.

వారానికి ఒకసారికి మించి వెళ్లడం చాలామందికి కుదరదు కాబట్టి, బీచ్ రోడ్డుకు బదులుగా కాక దానికి తోడుగా దీన్ని పెట్టుకోవాలి. పసిపాపను పెంచుతూ, లేదా మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకుంటూ రోజంతా ఇతరుల అవసరాల మధ్యే గడిపేవాళ్లకు నేను మొదట సూచించేది కంబాలకొండనే. ఇంట్లో ఇంకెవరికైనా మూడు గంటలు అప్పగించి రండి. అంతకన్నా తక్కువైతే చేరడానికీ తిరిగి రావడానికే సరిపోతుంది.

కైలాసగిరి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పైన రోప్‌వే, బొమ్మ రైలు, శివపార్వతుల విగ్రహాల చుట్టూ ఫొటోలు. కింది నుంచి మెట్ల దారిలో పొద్దున్నే ఎక్కి, పైన జనం చేరేలోపు దిగిపోతే మంచి వ్యాయామం. కొండ అంచు నుంచి వంపు తిరిగిన తీరమంతా కనిపిస్తుంది. ఆత్మపరిశీలనకు మాత్రం నేను సింహాచలం మెట్ల వైపే మొగ్గుతాను.

సింహాచలం మెట్లు

కొండ కింద తొలి పావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి ఎక్కడం మొదలుపెట్టేవాళ్లను ఎవరైనా చూడవచ్చు. దాదాపు వెయ్యి మెట్లు. బస్సులూ కార్లూ వెళ్లే ఘాట్ రోడ్డు వేరే ఉండటం వల్ల మెట్ల దారిలో రద్దీ తక్కువ, నీడ కొంత మెరుగు. మొక్కు ఉన్నవాళ్లూ, దృఢంగా ఉండాలనుకునే కుర్రాళ్లూ, మోకాళ్లు పట్టుకుని ఆగి ఆగి ఎక్కే పెద్దవాళ్లూ ఒకే దారిలో ఉంటారు. మాధవధార వైపు నుంచి కొండ మీదుగా వచ్చే పాత దారి కూడా ఉంది. అది ఇంకా ప్రశాంతం, తోడు తప్పనిసరి.

నిర్ణయం తీసుకోవాల్సినవాళ్లకు ఈ మెట్లు ఎందుకు మంచివంటే, ఎక్కేటప్పుడు ఊపిరి ఆడక మాటలు పూర్తిగా ఆగిపోతాయి, మనసులోని మాటలతో సహా. పైకి చేరి గంగధార అనే నీటి ధార దగ్గర కాసేపు కూర్చున్నాక మొదట వచ్చే ఆలోచన చాలాసార్లు ముసుగు లేనిదిగా ఉంటుంది. దాన్ని వెంటనే నమ్మమని నేను అనను. గుర్తుపెట్టుకోండి, మరో రోజు ఎక్కినప్పుడు కూడా అదే వస్తుందేమో చూడండి. రెండు మూడు సార్లు అదే జవాబు వస్తే అప్పుడు ఇంట్లోవాళ్లతో మాట్లాడవచ్చు. దేవుడి మీద నమ్మకం లేనివాళ్లకూ ఈ మెట్లు ఇంతే పనికొస్తాయి, నమ్మకం ఉన్నవాళ్లకు దర్శనం అదనపు బలం.

చందనోత్సవం రోజున స్వామి నిజరూప దర్శనానికి లక్షల మంది వస్తారు, ఆ రోజు ఇలాంటి నడకకు కుదరదు. ఆషాఢ పౌర్ణమి ముందురోజు మొదలయ్యే గిరి ప్రదక్షిణ మాత్రం వేరే సంగతి. కొండ చుట్టూ సుమారు 32 కిలోమీటర్లు, అడవివరం, హనుమంతువాక, అప్పుఘర్, ఎంవీపీ కాలనీ మీదుగా, రాత్రంతా నడిచే జనసముద్రం. అందులో ఏకాంతం దొరకదు. కానీ ఏడాది పాటు మోసిన బరువు ఒకటి దించుకోవాలనుకునేవాళ్లకు, నడిచే వేలమందిలో తాను ఒకరు కావడం వల్ల దొరికే ధైర్యం వేరే ఎక్కడా దొరకదు. మోకాళ్ల నొప్పులు, చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీనికి పూనుకోవద్దు.

తొట్లకొండ: నడకే సాధనగా ఉన్నవాళ్ల చోటు

భీమిలి వెళ్లే దారిలో మంగమారిపేట దగ్గర, సముద్రానికి ఎదురుగా 128 మీటర్ల ఎత్తున ఉన్న ఈ కొండ మీద రెండు వేల ఏళ్ల క్రితం బౌద్ధ భిక్షువులు నివసించారు. 1976లో నౌకాదళం విమాన సర్వే చేసినప్పుడు ఇది బయటపడింది. రాష్ట్ర పురావస్తు శాఖ 1988 నుంచి 1993 దాకా తవ్వకాలు జరిపింది. మహాచైత్యం అనే పెద్ద స్తూపం, భిక్షువులు ఉండే విహారాల గదులు, భోజనశాల, రాతిలో తొలిచిన నీటి తొట్లు, రాతి బాటలు, శాతవాహన నాణేలతో పాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి.

ధ్యాసతో నడవడం ఎలాగో నేర్చుకోవాలంటే ఇక్కడికే రమ్మంటాను. బౌద్ధ సాధనలో చంక్రమణం అని ఉంది. దూరం పోవడం అందులో లక్ష్యం కాదు. పాతిక ముప్పై అడుగుల తిన్నని దారిని ఎంచుకుని, చివరికి వెళ్లి, ఆగి, తిరిగి, మళ్లీ రావడం. పాదం లేవడం, ముందుకు కదలడం, నేలను తాకడం గమనిస్తారు. మనసు జారిపోతే తిట్టుకోకుండా మళ్లీ పాదానికి తెస్తారు. బుద్ధగయలో బుద్ధుడు అలా నడిచిన చోటంటూ ఒక వేదికను ఇప్పటికీ చూపిస్తారు. వానాకాలం నెలలు ఈ కొండ మీద గడిపిన భిక్షువులు కూడా ఎక్కడో ఒక చోట అలాగే అటూ ఇటూ నడిచే ఉంటారు. విహారాల పక్కన, సముద్రం కనిపించేలా, ఎవరికీ అడ్డం కాని చోటు చూసుకుని ఇరవై నిమిషాలు అలా నడిచి చూడండి. కట్టడాల మీద ఎక్కవద్దు, ఇటుకల మీద కూర్చోవద్దు.

ఏ దశవాళ్లకు ఇది సరిపోతుంది? పాతది అయిపోయి, కొత్తది ఇంకా మొదలుకాని మధ్యకాలంలో ఉన్నవాళ్లకు. ఉద్యోగ విరమణ తర్వాతి మొదటి ఏడాది అచ్చంగా అలాంటిదే. పొద్దున్న సైరన్ లేదు, షిఫ్టు లేదు, ఫోను మోగదు. ఎక్కడికీ చేరనవసరం లేని నడక ఆ ఖాళీని శిక్షగా కాకుండా అనుభవంగా మార్చగలదు. నీడ చాలా తక్కువ, అదొక్కటే లోటు. బీచ్ రోడ్డు మీదుగా పోయే భీమిలి బస్సులో వచ్చి కొండ కింద దిగితే పైకి రోడ్డు వెంట ఎక్కాలి. నీళ్లు తెచ్చుకోండి, తొమ్మిది గంటల లోపు దిగిపోండి.

ఎర్రమట్టి దిబ్బలు

ఇవి రోజువారీ నడకకు కావు. భీమిలికి దగ్గర్లో, వేల ఏళ్లుగా గాలీ నీరూ కలిసి పోగుచేసి చెక్కిన ఎర్రని ఇసుక గుట్టలు, లోతైన గాడులు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ గుర్తించిన జాతీయ భూవారసత్వ ప్రదేశం. విడాకులు పూర్తయిన రోజునో, పెద్ద జబ్బు నుంచి బయటపడ్డాకనో, ఒక అధ్యాయం అయిపోయిందని మనసుకు చెప్పాల్సి వచ్చినప్పుడు నమ్మకమైన ఒక్క మనిషితో కలిసి వెళ్లండి. గాడుల అంచులు విరిగిపడతాయి, దారులన్నీ ఒకేలా ఉండి తికమక పెడతాయి, చీకటి పడేలోపు బయటికి రావాలి. మట్టి తీసుకురావద్దు, ఏదీ వదిలి రావద్దు.

ఎక్కడికీ వెళ్లలేనివాళ్లకు

వీధి చివరి పార్కు, సెంట్రల్ పార్కు, శివాజీ పార్కు, ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని చెట్ల కింది రోడ్లు, ఇవేవీ కుదరకపోతే డాబా. చంక్రమణానికి పాతిక అడుగులు చాలన్న సంగతి ఇక్కడ అక్కరకొస్తుంది. నీళ్ల ట్యాంకు నుంచి మెట్ల గది దాకా ఉన్న చోటు సరిపోతుంది, నాలుగు తులసి, మందార కుండీలు ఉంటే ఇంకా మంచిది. ఇంగ్లండులో దాదాపు 20,000 మంది సమాచారంతో 2019లో వెలువడిన ఒక పరిశోధన, వారంలో మొత్తం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్లు మెరుగైన ఆరోగ్యం, సంతృప్తి ఉన్నట్టు చెప్పారని తేల్చింది. ఆ సమయాన్ని ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా కనిపించలేదు. ప్రకృతి వల్లే అలా జరిగిందని ఆ పరిశోధన నిరూపించలేదు, కానీ రోజుకు ఇరవై నిమిషాల చొప్పున నడిచేవాళ్లు తమది నడకే కాదని నిరుత్సాహపడనక్కర్లేదు.

నడిచేటప్పుడు

ఎక్కడ నడిచినా మొదటి పది నిమిషాలు ఏమీ ఆలోచించవద్దు. పాదాలు, ఊపిరి, చెవికి తగిలే చప్పుళ్లు చాలు. తర్వాత ఒక్క ప్రశ్న తీసుకోండి, అది చిన్నదిగా ఉండాలి. "నా జీవితం ఏమిటి" అని కాదు, "ఈ మార్పులో నేను దేన్ని వదలలేకపోతున్నాను" అని. జవాబు రాకపోతే పరవాలేదు. ఇంటికి వచ్చాక మూడు నాలుగు వాక్యాలు కాగితం మీద రాయండి, ఫోనులో వద్దు. ఫోను వెంట ఉండాలి, శబ్దం ఆపి జేబులో ఉండాలి. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. ఒంటరిగా వెళ్లే మహిళలకు ఉదయం బీచ్ రోడ్డు, విశ్వవిద్యాలయ ప్రాంగణం, నగరంలోని పార్కులు సరైనవి.

కొన్ని వారాల తర్వాత కూడా ఒక చోట నడిస్తే అదే తగువు, అదే పశ్చాత్తాపం మళ్లీ మళ్లీ వస్తుంటే చోటు మార్చండి. చదును దారి నుంచి మెట్లకు, ఒంటరి నడక నుంచి తోడు నడకకు. నిద్రా ఆకలీ తగ్గి, దేని మీదా ఆసక్తి లేక రెండు వారాలు దాటితే నడక ఒక్కటే సరిపోదు, మానసిక వైద్యులను కలవాలి. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరితోనైనా మాట్లాడాలి. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఏ వేళలోనైనా అందుబాటులో ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.

కాలాన్ని బట్టి కూడా ఎంపిక మారుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టేవాళ్లు తెల్లవారుజాము తీరానికో, డాబాకో పరిమితం కావాలి. వానలు మొదలయ్యాక అడవి పచ్చబడి కంబాలకొండ బాగుంటుంది, మెట్లు మాత్రం జారతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో తీరం, అడవి రెండూ వద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరంలో ఎన్ని చెట్లను కూల్చిందో చూసినవాళ్లకు కారణం చెప్పనక్కర్లేదు. తొట్లకొండకూ ఎర్రమట్టి దిబ్బలకూ డిసెంబరు నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకా అనువైన కాలం.